వాసన క్యానుదా, చేతి తొడుగుదా?

(నాగాయలంకలో పాల ఉత్పత్తిదారుల సంఘాల కార్యదర్శులు, పరీక్షకులు, పాల రవాణాదారుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన విషయం "పరిశుభ్రమైన పాల సేకరణ". దీని మీద మీరు ఇదివరకు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. పొదుగు కడగడం, పితికే ముందు చేతులు కడగడం, మొదటి ధారలు విడిగా తీయడం, క్యాన్లు బోర్లించడం, ఇవన్నీ మాకంటె మీకే బాగా తెలుసు. అందుచేత వాటి జోలికి పోము. ఏ శిక్షణ తరగతిలోనూ ఎవరూ మాట్లాడని ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడదలచాము. మోటారు సైకిలు మీద వచ్చేవారు వేసుకునే చేతి తొడుగులు. మన వాడుకలో గ్లౌజులు. వెనక వరుసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వవచ్చు. ఈ సంగతి మాకు జరగకముందు ఎవరైనా చెబితే మేమూ నవ్వేవాళ్లమే.

ముందు జరిగినది చెప్పి, తర్వాత కారణాలు చెబుతాము.

ఒక ధనుర్మాసపు తెల్లవారుజామున ఈ సీమలోనే ఒక సంఘానికి ఆకస్మిక తనిఖీకి వెళ్లాము. సంఘం పేరు చెప్పము. తప్పు సంఘానిది కాదు, మాది. అవనిగడ్డలో బయలుదేరేటప్పటికి పొగమంచు ఎంత దట్టంగా ఉన్నదంటే కాలువ ఏదో, గట్టు ఏదో తెలియడం లేదు. తోలు గ్లౌజులు వేసుకున్నాము. అవి కొని మూడేళ్లయింది. కొన్ననాటి నుంచి ఒక్కసారి కూడా నీళ్లలో ముంచి ఎరుగము. ముందురోజు మరొక కేంద్రంలో క్యాను దించుతుంటే సాయానికి ఒక చెయ్యి వేశాము, కాసిని పాలు వాటి మీద ఒలికాయి. పైపైన తుడిచి, బండి డిక్కీలో పడేసి తాళం వేశాము. రాత్రంతా అవి అందులోనే ఉన్నాయి. పొద్దున్నే తీసి తొడుక్కున్నప్పుడు కాస్త చెమ్మగా అనిపించాయే తప్ప, దారిలో చలిగాలికి వాసన ఏమీ తెలియలేదు.

కేంద్రానికి చేరేసరికి పాలు పోసేవారు వరుసలో ఉన్నారు. తనిఖీకి వెళ్లినవారు పుస్తకాలు చూడాలి, నగదు నిల్వ చూడాలి, దాణా స్టాకు చూడాలి. మూత ఎత్తి వాసన చూడటం పరీక్షకుని పని. కాని అధికారి అన్నవాడికి ఒక దురలవాటు ఉంటుంది. ప్రతి పనిలోనూ తన చెయ్యి పడాలనుకుంటాడు. గ్లౌజులు తీసి, పక్కనే ఉన్న సంఘం క్యాను మూత మీద పెట్టాము. వరుసలో మొదటివారి క్యాను మూత ఎత్తి ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాము. గుప్పున పులిసిన వాసన కొట్టింది. "ఇవి పనికిరావు, తిప్పి ఇచ్చేయండి" అన్నాము. రెండవ క్యాను కూడా అంతే. పరీక్షకుడు కుర్రవాడు. "నాకు బాగానే ఉన్నట్టున్నాయండీ" అని గొణిగాడు. మా హోదా ముందు ఆ మాట నిలవలేదు. రిజిస్టరులో "వాసన" అని రాయించి పక్కన మేమే సంతకం చేశాము. ఆ ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా క్యాన్లు తీసుకొని వెళ్లిపోయారు.

మూడవ క్యాను ఒక పెద్దావిడది. దాని మూత ఎత్తి మేము ముఖం చిట్లించగానే ఆమెకు విషయం అర్థమైపోయింది. అరవలేదు, బతిమాలలేదు. "బాబుగారూ, నా పాల సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు మీ చేతులు ఓసారి వాసన చూసుకోండి" అన్నది. వరుసలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

చూసుకున్నాము. వాసన మా చేతిదే. క్యాను మూత పట్టుకున్న ఆ చేతినే ముక్కు దగ్గరకు తెచ్చుకుంటూ, పాలను తప్పు పట్టాము. కుళాయి దగ్గరకు వెళ్లి ముంజేతుల దాకా రెండు మూడు సార్లు కడుక్కొని, గాలికి ఆరనిచ్చి, తిరిగి వచ్చి అదే క్యాను మూత ఎత్తాము. తియ్యని గేదె పాల వాసన తప్ప మరొకటి లేదు. అప్పటికీ అనుమానం తీరడానికి పరీక్షకుని చేత అయిదు మిల్లీ లీటర్లు పరీక్ష నాళికలో పోయించి, మరిగే నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి చూశాము. విరగలేదు. పాలు తీసుకున్నారు.

కాని ముందు వెళ్లిపోయిన ఇద్దరి సంగతి ఏమిటి? పుస్తకాల పని పక్కన పెట్టి కార్యదర్శిగారిని వెంటబెట్టుకొని వారి ఇళ్లకు వెళ్లాము. ఒకరు అప్పటికే పాలు కాచి తోడు వేసేశారు. రెండవవారు కాఫీ హోటలుకు వచ్చిన ధరకు ఇచ్చేశారు. పోయని పాలకు సంఘం డబ్బు ఇవ్వటానికి వీలులేదు, ఆ నిబంధన మాకే బాగా తెలుసు. మా జేబులో నుంచి ఇవ్వబోయాము. ఒకరు తీసుకున్నారు. రెండవవారు తీసుకోలేదు. "డబ్బుదేముందండీ, మా పాలు పులిశాయని పది మంది విన్నారు గదా" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. కేంద్రానికి తిరిగి వచ్చి, రిజిస్టరులో ఆ రెండు పద్దుల కింద "పై తిరస్కరణలు తనిఖీ అధికారి పొరపాటు వలన జరిగినవి" అని రాసి పూర్తి సంతకం చేశాము. మొదటి రాత కొట్టివేయలేదు. రిజిస్టరులో కొట్టివేతలు ఉండరాదని పాతికేళ్లుగా మీకు చెబుతున్నది మేమే.

ఒక పూట పాలు వెనక్కి పోతే ఏమవుతుందిలే అనుకోకండి. చాలా సంఘాల ఉపనిబంధనల ప్రకారం ఏడాదిలో ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోసినవారికే ఓటు, పోసిన పాల మీదే బోనసు. వెనక్కి పోయిన క్యాను ఆ లెక్కలో పోయనట్టే. పైగా ఇది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మనుషులతోపాటు గొడ్డూ గోదా కొట్టుకుపోయిన ఊళ్లు ఇవి. ఆ తర్వాత ఒక్కొక్క గేదెను కట్టుకొని మళ్లీ పాడి నిలబెట్టుకున్న కుటుంబాలు ఇక్కడే కూర్చొని ఉన్నాయి. అటువంటివారి పాలను మన చేతి కంపు చూసి తిప్పి పంపితే అది చిన్న తప్పు కాదు.

ఆ తర్వాత మేము వెళ్లిన చోటల్లా తిరస్కరణల పద్దులు కాస్త శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాము. "వాసన" అని రాసినవన్నీ గ్లౌజుల వల్లనే అని మేము అనము. చేపల బుట్ట పక్కన పెట్టిన పాలు ఉంటాయి, సరిగా కడగని క్యాన్లు ఉంటాయి, నిజంగా పులిసినవీ ఉంటాయి. అయితే గేదె పాలు పులియవలసింది వేసవిలో, సాయంకాలపు పూట. చలికాలం పొద్దుటి పూట, పితికిన అరగంటలో వచ్చిన పాలకు "వాసన" అని పద్దు పడితే మాత్రం ఇప్పుడు మేము పరీక్షకుని చేతుల వైపు కూడా చూస్తున్నాము.

ఈనాడు మన కేంద్రాలలో యంత్రాలు వచ్చాయి. వెన్న శాతం యంత్రం చెబుతుంది, వెన్నేతర ఘనపదార్థాలు చెబుతుంది, తూకం చెబుతుంది, చీటీ కూడా అదే కొడుతుంది. వాసన చెప్పవలసింది మాత్రం ఇప్పటికీ మనిషి ముక్కే. మూత తీసిన ఆ ఒక్క క్షణంలో క్యాను మెడలో నిలిచిన గాలిని పీల్చి పరీక్షకుడు ఇచ్చే తీర్పు మీదే ఆ పాలు శీతలీకరణ కేంద్రానికి పోతాయా, ఇంటికి పోతాయా అన్నది తేలుతుంది. ఆ ముక్కుకు దగ్గరలో దుర్వాసన గల వస్తువు ఉంటే నష్టం రెండు విధాలుగా జరుగుతుంది. మాకు జరిగినట్టు మంచి పాలు చెడ్డవి కావచ్చు. లేదా ఆ కంపుకు అలవాటు పడ్డ ముక్కు నిజంగా పులిసిన పాలను కూడా పట్టలేకపోవచ్చు. ముక్కుకు ఆ గుణం ఉన్నది. ఏ వాసన అయినా కొద్ది నిమిషాలు వరసగా పీలిస్తే దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. చేపల రేవులో పని చేసేవారికి నీచు తెలియనట్టు. ఈ రెండవ నష్టం పెద్దది, ఎందుకంటే ఒక్క క్యాను పులిసిన పాలు ట్యాంకులోని పాలన్నింటినీ చెడగొట్టగలవు.

ఇక ఈ కంపు ఎక్కడి నుంచి వస్తుంది? చెమటకు స్వతహాగా వాసన దాదాపు లేదు. మన అరచేతిలో చెమట గ్రంథులు వీపు మీదకంటె, ఛాతీ మీదకంటె ఎంతో దట్టంగా ఉంటాయి. గ్లౌజు లోపల ఆ చెమట, రాలిన చర్మపు పొట్టు, వెచ్చదనం, చీకటి అన్నీ ఒక్కచోట చేరతాయి. పాలు తోడుకోవడానికి మీరు గిన్నెను ఎక్కడ పెడతారో అటువంటి చోటే అది. అందులో సూక్ష్మజీవులు పెరిగి చెమటలోని, పొట్టులోని మాంసకృత్తుల ముక్కలను తిని ఘాటైన ఆమ్లాలు విడుస్తాయి. పాదాల కంపుకు పేరుబడ్డ ఐసోవలెరిక్ ఆమ్లం ఆ జాతిదే. ఇక పాలు ఒలికితే చెప్పనే అక్కరలేదు. పాలలోని వెన్న విరిగి బ్యుటిరిక్ ఆమ్లం పుడుతుంది. పాత నెయ్యి ముక్కిపోయినప్పుడు వచ్చే వాసన అది. చూశారా, చెమట గ్లౌజు వాసన, చెడ్డ పాల వాసన దగ్గరి చుట్టాలు. అందుకే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటాము.

మన సీమకు ప్రత్యేకమైన కారణం మరొకటి ఉన్నది. ఉప్పు. మీ ఇంట్లో ఉప్పు జాడీ వానాకాలంలో చెమ్మగిల్లుతుంది గదా. చెమటలో ఉప్పు ఉంటుంది. ఇక్కడి సముద్రపు గాలిలోనూ ఉంటుంది. ఉతకని గ్లౌజులో ఆ ఉప్పు రోజు రోజుకూ పేరుకుంటుంది. పగలు ఎండలో ఆరినట్టే కనిపిస్తుంది, రాత్రి చెమ్మగాలికి ఆ ఉప్పే తేమను పీల్చుకొని మళ్లీ గ్లౌజును తడిపేస్తుంది. తడి ఉన్నంతకాలం సూక్ష్మజీవులకు పండుగే. కనుక నాగాయలంకలోనో, గుల్లలమోదలోనో, ఏటిమొగలోనో ఉన్నవారికి గ్లౌజులు ఎండలో వేస్తే చాలదు. ముందు నీళ్లతో ఆ ఉప్పు పోవాలి, తర్వాత ఆరాలి.

మా చిన్నతనంలో సైకిళ్ల మీద పాలు తెచ్చేవారు చలికి చేతులకు తువ్వాలు చుట్టుకొనేవారు. ఆ తువ్వాలు ఎన్నడూ కంపు కొట్టలేదు. ఎందుకంటే అది పొద్దున తెల్లారితే బట్టలతో పాటు చాకిరేవుకు వెళ్లేది. గ్లౌజు వచ్చాక దానిని మనం బట్ట కింద జమకట్టలేదు, బండి సామాను కింద జమకట్టాము. అద్దం లాగా, హారను లాగా. బండి కడిగిన రోజున కూడా గ్లౌజు కడగము. అసలు పొరపాటు ఇక్కడ ఉన్నది. అది చొక్కా వంటిది. చొక్కా మూడేళ్లు ఉతక్కుండా వేసుకొని కేంద్రానికి వస్తే మీరు మమ్మల్ని లోపలికి రానిస్తారా?

అలాగని గ్లౌజులు మానేయమని మేము చెప్పడం లేదు. బండి మీద నుంచి పడినవాడు ముందుగా నేలకు ఆనించేది అరచేతినే. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి, గ్లౌజులు కావు, అయినా క్యాన్ల బరువుతో కరకట్ట మీద మంచులో నడిపేవారికి అవి అవసరమే. చేతులు కొయ్యబారిపోతే బ్రేకు సరిగా పడదు. వేసుకోండి. కాని శుభ్రంగా ఉంచుకోండి.

ఎలా ఉంచుకోవాలంటే, మీకు క్యాను కడగడం వచ్చు గనుక ఆ లెక్కలోనే చెబుతాము. క్యానును ముందు దేనితో కడుగుతారు? మామూలు నీళ్లతో. ఒక్కసారిగా వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు గట్టిపడి లోహానికి అంటుకుపోతాయి, ఆ మీద ఎంత రుద్దినా పోవు. గ్లౌజు మీద పాలు ఒలికినప్పుడూ అదే సూత్రం. ఒలికిన వెంటనే, ఎండకముందే, మామూలు నీళ్లతో కడగాలి. తర్వాతే సబ్బు. మేము ఆనాడు పైపైన తుడిచి డిక్కీలో వేయకుండా ఒక చెంబెడు నీళ్లు పోసి ఉంటే ఈ ప్రసంగం ఉండేది కాదు.

నూలువి, నైలాను అల్లికవి అయితే పని తేలిక. రెండు జతలు ఉంచుకోండి. ఒకటి చేతికి, ఒకటి దండెం మీద. రోజూ కేంద్రం నుంచి ఇంటికి వెళ్లగానే లోపలి వైపు పైకి తిప్పి, నీళ్లలో జాడించి, సబ్బు పెట్టి, నురగ పోయేదాకా మళ్లీ జాడించి, ఎండలో వేయండి. సబ్బు మిగిలిపోతే అదీ జిగటై మురికి పట్టుకుంటుంది, చేతికి దురద తెస్తుంది. నైలాను, పాలిస్టరు రకాలు నూలుకంటె కంపును గట్టిగా పట్టి ఉంచుతాయి. అటువంటివాటిని వారానికొకసారి ఒక చెంచాడు వంటసోడా కలిపిన నీళ్లలో అరగంట నానబెడితే ఆ ఆమ్లాల ఘాటు విరుగుతుంది.

తోలు గ్లౌజుల దగ్గర మాత్రం తొందరపడరాదు. క్యాన్లకు వాడే చాకలి సోడా, బ్లీచింగు పౌడరు వాటి దగ్గరకు కూడా రానీయకండి. తోలులోని నూనె పోయి అట్టముక్కలాగా బిగుస్తుంది. వంటసోడా కూడా తోలుకు నేరుగా పూయవద్దు. పల్చని గుడ్డలో మూటకట్టి రాత్రిపూట గ్లౌజు లోపల పెట్టి పొద్దున తీసేయవచ్చు. రోజువారీగా చేయవలసింది ఒక్కటే. తీసిన వెంటనే లోపలి భాగాన్ని, తడిపి గట్టిగా పిండిన గుడ్డ వేలికి చుట్టుకొని తుడిచి, గాలి తగిలే నీడలో వేలాడదీయడం. నెలకో, నెలన్నరకో ఒకసారి పూర్తిగా కడగాలి. గ్లౌజులు చేతికి తొడుక్కొనే, గోరువెచ్చని నీళ్లతో, ఘాటు లేని స్నానపు సబ్బుతో, మామూలుగా చేతులు కడుక్కున్నట్టు కడగండి. తర్వాత తీసి లోపల కూడా నీళ్లు పోసి జాడించండి. మెలిపెట్టి పిండకండి, పాత తువ్వాలు మధ్య పెట్టి అదమండి. ఎండలోనూ, పొయ్యి దగ్గరా ఆరబెట్టవద్దు. నీడలో, వీలైతే పంకా కింద. సగం ఆరినప్పుడు ఒకసారి తొడుక్కొని వేళ్లు ముడిచి తెరవండి, బిగుసుకుపోకుండా ఉంటాయి. పూర్తిగా ఆరాక బజారులో దొరికే తోలు క్రీము గాని, అది లేకపోతే మన పెద్దలు కొత్త చెప్పులకు రాసినట్టు రెండు చుక్కల ఆముదం గాని పైవైపు మాత్రమే పట్టించండి. లోపల నూనె రాయకూడదు. నెయ్యి, వెన్న మిగిలాయని వాటిని రాసేవారు కూడా ఉన్నారు. పాడివారికి ఇది వేరే చెప్పాలా? అది ముక్కిపోయి మళ్లీ మొదటికే వస్తుంది.

లోపల మెత్తలు, వాన ఆగే పొర ఉన్న ఖరీదైన గ్లౌజులు యువకులు కొంటున్నారు. అవి ఆరడం కష్టం. పాత వార్తాపత్రికల కాగితం ఉండలు చేసి వేళ్లలోకి కూరి, కాగితం తడిసినప్పుడల్లా మార్చండి. వీటి లోపలి అస్తరు వేళ్లను పట్టి ఉంచకుండా చెయ్యి బలంగా లాగితే అస్తరు బయటకు వచ్చేస్తుంది, మళ్లీ లోపలికి పోవడం బ్రహ్మప్రళయం. ఒక్కొక్క వేలినీ కొసన పట్టుకొని నెమ్మదిగా తీయండి.

ఇన్ని చేయలేము, మాకు తీరిక లేదు అనేవారికి ఒక్క ఉపాయం. పల్చని నూలు గ్లౌజులు దుకాణాలలో చౌకగా దొరుకుతాయి. తోలువాటి లోపల అవి వేసుకోండి. చెమట అంతా నూలు పీల్చుకుంటుంది. నూలుది రోజూ ఉతకండి, తోలుది చాలాకాలం నిక్షేపంలా ఉంటుంది. ఆ ధనుర్మాసం నుంచి మేము చేస్తున్నది ఇదే.

చేయకూడనివి కూడా చెప్పాలి. కంపు పోవడానికి కొందరు సెంటు కొడుతున్నారు, కొందరు కలరా ఉండలు వేస్తున్నారు, ఒకచోట ఫినాయిలు చల్లినవారిని కూడా చూశాము. ఇంట్లో అయితే అది వారి ఇష్టం. పాల కేంద్రంలో ఇవి చెమట కంపుకంటె హాని. పాలలోని వెన్న చుట్టుపక్కల వాసనలను ఇట్టే పట్టుకుంటుంది. మల్లెపూల సెంటు వాసన వేసే పాలను కూడా డెయిరీలో వెనక్కే పంపుతారు. మాట వచ్చింది కనుక చెబుతున్నాము, చేతులు కడుక్కునే సబ్బు కూడా కేంద్రంలో ఘాటు సువాసన లేనిదే ఉంచండి. మరొకటి. ఇంకా గెర్బర్ పద్ధతిలో వెన్న పరీక్ష చేసే చోట్ల గంధకామ్లం పోసేటప్పుడు చేతికి ఏదో ఒకటి ఉన్నదని ఈ బండి గ్లౌజులే వేసుకుంటున్నారు. అది ఎంతమాత్రమూ పనికిరాదు. గుడ్డగాని, తోలుగాని ఆమ్లాన్ని ఆపదు, పీల్చుకొని చర్మానికి అంటించి పెడుతుంది. దానికి ఆమ్లం తట్టుకునే రబ్బరు తొడుగులు వేరే ఉన్నాయి, అవే వాడాలి.

ఒకరి గ్లౌజులు ఒకరు వేసుకోవద్దు. తామర, దురదలు తడి గ్లౌజుల్లో చక్కగా బతుకుతాయి. పాలు పితికే చేతికి గాటు పడి ఉంటే మానేదాకా చెమ్మ గ్లౌజు తొడగకండి. గ్లౌజు మీద బూజు కనిపిస్తే కేంద్రంలో దులపకుండా ఆరుబయట దులిపి, కడిగి ఆరబెట్టండి. అన్నీ చేశాక కూడా లోపలి మెత్తలో నుంచి కంపు వస్తుంటే ఆ జతకు ఇక రుణం తీరిపోయింది, పారవేయండి.

చివరగా వాటి చోటు గురించి. డిక్కీలో పెట్టి మూత వేయడం అంటే కడగని క్యానుకు మూత బిగించి ఉంచడం వంటిదే. ఇంజను మీద, సైలెన్సరు మీద పెట్టి ఆరబెడితే తోలు పగులుతుంది. అన్నిటికన్నా చెడ్డ చోటు మేము ఎంచుకున్న చోటు, క్యాను మూత. చేతికి అందేలా చదునుగా ఉంటుంది కనుక అందరి చెయ్యీ అక్కడికే పోతుంది. మేము చూసిన కేంద్రాలలో చాలా చోట్ల వచ్చినవారు వచ్చినట్టు గ్లౌజులు తీసి మూత మీద పెడతారు. కేంద్రం బయట, వసారా గోడకు మనిషి ఎత్తున నాలుగు మేకులు కొట్టించండి. గ్లౌజులు మూతి కిందికి వచ్చేటట్టు బట్టల క్లిప్పుతో వేలాడదీయండి. మీరు క్యాను బోర్లించినట్టే. ఆ పక్కనే కుళాయి గాని, బకెట్టు, చెంబు గాని ఉంచండి. బండి దిగినవారు గ్లౌజులు మేకుకు తగిలించి, చేతులు కడుక్కొని ఆరిన తర్వాతే లోపలికి రావాలి. కార్యదర్శి అయినా, అధ్యక్షులైనా, ఇన్‌స్పెక్టరు అయినా ఇదే పద్ధతి. ఈ మేకులకు మహాజన సభ తీర్మానం అక్కరలేదు. పరీక్షకునికి రెండు జతల నూలు గ్లౌజులు సంఘం తరఫున కొనిపెట్టదలిస్తే పాలకవర్గం తీర్మానం చేసి సాదిలవారు ఖర్చుల కింద రాయండి, రశీదు జతచేయండి. తనిఖీలో మేము అభ్యంతరం చెప్పము.

పరీక్షకులుగా ఉన్న పిల్లలకు ఒక మాట. మీ ముక్కుకు బాగున్న పాలను పైఅధికారి చెడ్డవి అన్నాడని గొణిగి ఊరుకోకండి. "ఒక్కసారి చేతులు కడుక్కొని చూడండి సార్, కాచి కూడా చూద్దాం" అనండి. కాచి చూసే పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. క్యాను గలవారిని అప్పటిదాకా ఆగమనండి, వెళ్లనీయకండి.

ప్రసంగం ముగిశాక ఎదురుమొండి వైపు నుంచి వచ్చే ఒక రవాణాదారు లేచి అడిగారు. "వానాకాలంలో పంటు ఎక్కి దిగేటప్పటికి గ్లౌజులు తడిసి ముద్దవుతాయండీ. ఇంటికి పోయేదాకా ఆరబెట్టే వీలు ఉండదు. ఏం చేయమంటారు?" అని. వానకు తడిసినవాటిని ప్లాస్టిక్ సంచిలో ముడివేసి ఉంచవద్దని, నీళ్లు పిండే పని లేకుండా కేవలం అదిమి హ్యాండిల్ మీద గాలికి వేలాడేటట్టు కట్టుకోమని చెప్పాము. ఒక పొడి నూలు జతను మాత్రం ప్లాస్టిక్ సంచిలో వేసి చొక్కా జేబులో పెట్టుకొని తిరుగు ప్రయాణానికి వాడుకోమన్నాము. ఆయన ఇంకొకటి కూడా అడిగారు. ఆ పెద్దావిడ ఏ ఊరు అని. అది చెప్పలేదు. ఆమె ఇప్పటికీ ఆ సంఘంలోనే రెండు పూటలా పాలు పోస్తున్నారని, మేము వెళ్లినప్పుడల్లా ముందు మా చేతుల వైపే చూస్తారని మాత్రం చెప్పాము.